పిల్ల కంచంలో మిగిలింది

నాగదుర్గకు అన్నిటికంటే పెద్ద భయం, అమ్మలాగే తనూ షుగరుతో పోతుందని. అమ్మకు ముందు కాలి వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, నలభై నాలుగేళ్ళకే మనిషే లేకుండా పోయింది. అప్పుడు నాగదుర్గ పదో తరగతి. చెల్లెలు సాయిదుర్గను చూసుకోవడానికి బడి మానేసింది. ఇప్పుడు తన పాపకు ఏడాదిన్నర. కడుపుతో ఉన్నప్పుడు తనకూ షుగరు కనిపించిందని, ఒళ్ళు తగ్గించుకోకపోతే మళ్ళీ వచ్చే ప్రమాదముందని ఏలూరులో డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి పిల్ల నవ్వినా ఆమెకు అమ్మ కాలే గుర్తొచ్చేది.

ఏ పూట ఎంత తినాలో డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. నాగదుర్గ దాన్ని ఫోటో తీసి భీమడోలులో ఉంటున్న చెల్లెలికీ పంపింది. చెల్లెలిదీ భారీ ఒళ్ళే. ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టారు.

కైకలూరులో జిలానీ గారి చేపల మేత కొట్టు ముందు బస్తాలు తూచే కాటా ఒకటుంది. ప్రతి సోమవారం పాపను కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి, నాగదుర్గ ఆ కాటా ఎక్కేది. నాలుగు నెలల్లో ఎనభై రెండు కిలోల నుంచి డెబ్బై అయిదుకు దిగింది. ఆ తర్వాత వరసగా నాలుగు సోమవారాలు డెబ్బై అయిదే.

"కాటా పాడైందేమో చూడండి బాబాయ్ గారూ."

"దానికేం తల్లీ! పొద్దున్నుంచి నలభై బస్తాలు తూచింది. నీ ఒక్కదానికే అబద్ధం చెబుతుందా?" అని జిలానీ నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి రాత్రి అన్నం మానేసింది. వారం తిరిగేసరికి పొద్దున టిఫినూ మానేసింది. భర్త అబ్బాయిరాజు అడిగితే "మీరు లేవకముందే తినేశానండీ" అనేది. చెల్లెలికి మాత్రం ఫోన్లో నిజం చెప్పింది.

అబ్బాయిరాజు కొల్లేటి పక్కన ఒక చేపల చెరువు చూసుకుంటాడు. ఒక గురువారం మధ్యాహ్నం పాపను చంకనెత్తుకుని, క్యారేజీ పట్టుకుని ఆమె చెరువు గట్టున నడుస్తోంది. ఎండ తెల్లగా ఉంది. ఉన్నట్టుండి ఆ తెలుపంతా నల్లబడింది. ఎలా కూలబడిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి క్యారేజీ బోర్లాపడి ఉంది. పాప నీళ్ళకు జానెడు దూరంలో, బురదలో కూర్చుని ఏడుస్తోంది.

చెరువు మధ్యనుంచి పడవ తోసుకుంటూ వచ్చిన అబ్బాయిరాజు ముందు పిల్లను ఎత్తుకున్నాడు, తర్వాత పెళ్ళాం మొహం చూశాడు. ఇద్దర్నీ బండెక్కించుకుని నేరుగా నర్సు కమరున్నీసా దగ్గరకు తీసుకెళ్ళాడు.

ఆవిడ బీపీ చూసింది, వేలు గుచ్చి షుగరు చూసింది. "ఎన్ని పూటలు మానేశావమ్మా?"

నాగదుర్గ తలొంచుకుంది. "రెండండీ."

"అయ్యో రాత! బరువు ఆగిందని అన్నమే ఆపేస్తారా? ఆ చీటీ ఎన్ని కిలోలప్పుడు రాసింది?"

"ఎనభై రెండప్పుడండీ."

"ఇప్పుడు ఏడు కిలోలు తక్కువ మోస్తున్నావు. తగ్గిన ఒంటికి అవసరమూ తగ్గుతుంది. పాత లెక్కే తింటే బరువు అక్కడే నిలబడుతుంది. రోజుకు ఓ నూట యాభై క్యాలరీలు తగ్గించు చాలు. అంటే గుప్పెడన్నం. అంతే! పప్పు, గుడ్డు, కూర ముట్టుకోకు. మూడు పూటలూ తిను."

అబ్బాయిరాజు అప్పుడు నోరు విప్పాడు. "మేమూ అంతేనండీ. పక్షానికోసారి వల వేసి నాలుగు చేపల్ని తూచి, మేత లెక్క మారుస్తాం. పాత లెక్క పనికిరాదు."

"మరి లెక్క కుదరలేదని మేత మొత్తం ఆపేస్తావా?"

"ఆపితే చెరువే పోతుందండీ."

"ఆ ముక్క మీ ఆవిడకి చెప్పు" అంది కమరున్నీసా. మూడు రోజులు నోట్లోకి పోయిందల్లా రాసుకురమ్మని పంపింది.

నాగదుర్గ పద్ధతిగా రాసింది. మూడో రోజు మధ్యాహ్నం అబ్బాయిరాజు ఆ కాగితం చదివాడు. ఎదురుగా ఆమె, పాప వదిలేసిన నెయ్యన్నం ముద్దలు కంచం తుడిచి నోట్లో వేసుకుంటోంది.

"దుర్గా, ఇది ఇందులో లేదే?"

"ఏదండీ?"

"నువ్వు తింటున్నది."

"ఇది నా అన్నం కాదుగా, పిల్లది! పారేస్తే పాపం కదండీ."

"మూడు పూటలూ ఇంతేనా?"

ఆమె చెయ్యి ఆగింది. అమ్మ కూడా ఇలాగే తమ ఇద్దరి కంచాలూ తుడిచి తినేది. రాత్రి అన్నం మానేసిన రోజుల్లో సైతం ఆకలి తట్టుకోలేక తను ఈ కంచం కోసమే కూర్చునేది. తన పళ్ళెం ఖాళీగా పెట్టుకుని.

అబ్బాయిరాజు మెల్లగా అన్నాడు. "చేపలకి చిల్లుల సంచిలో తవుడు పోసి చెరువులో కడతాం కదా? సాయంత్రం ఎంత మిగిలిందో చూసే గదా మర్నాడు పోసేది! పాపకి తక్కువ పెట్టు. ఏడిస్తే మళ్ళీ పెట్టు. ఇక నువ్వు తగ్గించాల్సిన గుప్పెడన్నం అంటావా, దొరికేసినట్టే."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ తర్వాత మూడో సోమవారానికి కాటా డెబ్బై నాలుగు చూపించింది. "ఏం తల్లీ, బాగైందా నా కాటా?" అన్నాడు జిలానీ. ఆమె ఇంటికి వస్తూనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"నాకూ బరువు ఆగిపోయిందక్కా" అంది సాయిదుర్గ. "నువ్వు మానేశావన్నావుగా, నేనూ మానేశా. మజ్జిగ మీదే ఉంటున్నా. కాస్త నీరసం, అంతే."

"వద్దే! నేను చెప్పింది తప్పే!" అంటుండగానే ఫోన్ కట్టయింది. నిన్నటి నుంచీ చెల్లెలు ఎత్తడం లేదు. ఇక్కడ చెరువు పట్టుబడి, చేపలన్నీ పట్టి అమ్మే రోజులు. ఆదివారం దాకా నాగదుర్గకు కదలడానికి లేదు.

మీలో ఎవరైనా భీమడోలు మీదుగా వెళ్తుంటే, రైలు గేటు దాటాక కుట్టుమిషను చప్పుడు వినిపించే నీలం తలుపు ఇంటి ముందు ఒక్క క్షణం ఆగండి. సాయిదుర్గ ఉందా అని అడగండి. తిన్నావా అంటే తిన్నానంటుంది, నమ్మకండి. ఏం తిన్నావో చెప్పమనండి. ఆమె తినేదాకా కాసేపు కూర్చోండి.