సి. మునెమ్మ

ప్రయాణ పట్టికలో మూడో రోజు పడవ తొమ్మిదికో పదికో తేలేదాకా సుందరమూర్తి టీ ముట్టడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోడు. చూపుడువేలు ఒక్కదానితోనే టైపు చేస్తూ ప్రతి అక్షరాన్నీ పెదవులతో పలుకుతాడు. పుదుచ్చేరిలోని ఆ ట్రావెల్స్ ఆఫీసులో ముప్పయ్యేళ్ళుగా ఊరివాళ్ళను మధ్యధరా దీవులకు పంపుతున్న మనిషి, తాను మాత్రం విమానం మెట్టయినా ఎక్కలేదు.

పెళ్ళయిన కొత్తలో భార్యకు మాటిచ్చాడు, కోర్సికా దీవి చూపిస్తానని. ఏటా "వచ్చే ఏడు" అనేవాడు. జూన్‌లో రిటైరవుతున్నాడు కాబట్టి ఈసారి నిజంగానే టికెట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాలని ముచ్చటపడుతున్నాడు. ఆ ముచ్చట ఆమెకింకా చెప్పలేదు. ఆమె పెళ్ళిళ్ళకు వంట చేస్తుంది. పది రోజుల వంట పని మీద ఈ సాయంత్రం చెన్నై వెళ్తున్నానంది.

చేతిలో ఉన్న పని కూడా కోర్సికాదే. నాగశ్రీ టీచరు, ఆవిడతో మరో ముగ్గురు ఆడవాళ్ళు. టికెట్లు, వీసాలు చెన్నై ఆఫీసు చూస్తుంది. బస, భోజనం, ఏ రోజు ఎక్కడికన్నది సుందరమూర్తి పని. జాబితాలో మూడో పేరు సి. మునెమ్మ. పక్కన "మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేరు" అని రాసుంది. పాపం అనుకుని, సముద్రం కనిపించే కింది గది కోసం బస యజమానికి మూడు ఉత్తరాలు రాశాడు. ఈ ఊరి తెలుగిళ్ళలో మునెమ్మలు వీధికొకరుంటారు. తన ఇంట్లో ఉన్నది ఎస్. మునెమ్మ. పెళ్ళయ్యాక తన పేరు మొదటి అక్షరంగా ఆ ఇనీషియల్ తను ఇచ్చిందే మరి!

నాలుగింటికి ట్రావెల్స్ యజమాని కలైయరసన్ చెన్నై నుంచి వచ్చిన పాస్‌పోర్టులు తెచ్చి బల్లమీద పెట్టాడు. సుందరమూర్తి ఒక్కొక్కటే తెరిచి జాబితాతో సరిచూస్తున్నాడు. మూడోది తెరిచాడు.

తన భార్య ముఖం. అదే ముక్కుపుడక, కనుబొమ మీద అదే గాటు. తండ్రి పేరు చెంగల్రాయన్, ఆ "సి" అదే.

రెండు నెలలుగా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మోకాళ్ళ మీద జాలిపడ్డాడు. ఆ మోకాళ్ళు తన పక్కనే పడుకుంటున్నాయి. తను లేకుండానే కోర్సికా వెళ్తోంది! అంతకంటే ఘోరం ఉంటుందని అతనికి తోచలేదు.

వాళ్ళను చెన్నై విమానాశ్రయానికి తీసుకెళ్ళే వాన్ ఆరింటికి. పాస్‌పోర్టు లేకపోతే ఆమె ప్రయాణం సాగదు. సొరుగు లాగి అందులో పడేసి మూశాడు.

"మూర్తన్నా, మూడే ఉండాయేంది?" అన్నాడు కలైయరసన్.

సుందరమూర్తి సొరుగు పిడి పట్టుకున్నాడు. తెరిచి, దాచినదాన్ని తీసి, నాలుగూ తనే ఇచ్చివస్తానని లేచాడు.

ఒర్లియంపేట మలుపులో వాన్ ఆగి ఉంది. మునెమ్మ వాన్ మెట్టు మీద కూర్చుని కొత్త బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"ఏంది మునెమ్మా ఇది? పెండ్లి వంటంటివే?"

"ఈ పది దినాలు ఎవురో వండితే తింటా."

"నాతో ఒక మాట చెప్పుంటే..."

"చెప్పుంటే వచ్చే ఏడు పోదామంటావు." కోపంగా అనలేదు. అందుకే అతనికి ఎక్కువ నొప్పి పుట్టింది.

"జూన్‌లో నేనే..." అనబోయాడు. చెప్పని ముచ్చటకు ఇప్పుడు సాక్ష్యమేముంది?

"మోకాళ్ళు నొప్పా నీకు?"

"మూడేండ్లాయె. కిందిగది నువ్వే ఇప్పిస్తివని టీచరమ్మ ఇందాక చెప్పింది. నాకని తెలిసే చేస్తివనుకుంటిని."

అవునని అబద్ధమాడేందుకు నోరు తెరిచి, మానుకున్నాడు. పాస్‌పోర్టు అందించాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, "తెలీదా?" అని మాత్రం అని లోపలికి జరిగింది.

తలుపు మూసుకుంది. వాన్ జనంలో కలిసిపోయింది. అది నిలబడిన చోట ఆమె విడిచిన రబ్బరు చెప్పులున్నాయి, మడమలు అరిగిపోయి, ఎడమదాని తెగిన పట్టీ నల్లదారంతో కుట్టి.