పదహారో రోజు రాజయోగం

ఛార్జి మెమో చేతికందిన రోజున వెంకటకృష్ణారావు ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాడు.

అవి ఎమర్జెన్సీ రోజులు. విజయవాడలో ఆ సర్కారు ఆఫీసు పేరు మనకెందుకు గానీ, అక్కడ ఆలస్యంగా వచ్చినవాడికి మెమో, ముందుగా వచ్చినవాడికి ఎందుకొచ్చావని మెమో. కృష్ణారావుకు వచ్చింది మాత్రం అలాంటి సరదా మెమో కాదు. ఫలానా ఫైలు మీరే పోగొట్టారు, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే సస్పెండు చేస్తామని అందులో స్పష్టంగా రాశారు. అలాంటి కాయితం చూసి గుండె పట్టుకున్నవాళ్లను ఆ ఆఫీసు చాలామందిని చూసింది. టీ ఇప్పించినవాణ్ణి చూడటం అదే మొదలు.

పైగా తప్పు ఆయనది కాదు. ఫైలు సూపరింటెండెంటుకు అందినట్టు తపాలా పుస్తకంలో సంతకం నిక్షేపంలా ఉంది. పక్క సీటు టైపిస్టు ఆమోసు ఆ పేజీ తీసి మరీ చూపించాడు.

"నాలుగు ముక్కలు చెప్పండి గురూగారూ, నేను టైపు కొట్టిపెడతా. ఐదు నిమిషాల పనండీ."

"తొందరపడకు ఆమోసూ. ఈ ఫైలు నడిపించేది శనీశ్వరుడు," అన్నాడు కృష్ణారావు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

ఈ ధీమా ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, నెల కిందట వచ్చింది. గన్నవరం అవతల వాళ్ల ఊరినుంచి తెచ్చిన పాత పెట్టె సర్దుతుంటే తండ్రి వాడిన ప్రమాది నామ సంవత్సరం పంచాంగం దొరికింది. కృష్ణారావు పుట్టిన సంవత్సరం అది. శ్రావణ బహుళ పక్షం పేజీ అంచున పెన్సిలుతో "తె.జా. 4-10. మగ" అని తండ్రి చేతిరాత. ముప్ఫై ఏడేళ్లుగా జాతకం లేకుండా బతికిన మనిషి ఆ ముక్క చూసి కళ్లకద్దుకున్నాడు. మర్నాడే సత్యనారాయణపురంలో శేషాద్రి సిద్ధాంతి గుమ్మం ఎక్కాడు.

శేషాద్రి సిద్ధాంతి దగ్గరకు ఏడుస్తూ వెళ్లినవాడెవడూ ఏడుస్తూ తిరిగి రాలేదు. బాగున్న గ్రహాలంటే ఆయనకు ఆవులింత వచ్చేది. చెడ్డ గ్రహం కంటపడితే మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు.

"కర్కాటక లగ్నం. శని మేషంలో నీచపడ్డాడు. అదీ పదో ఇంట, ఉద్యోగస్థానంలో. కొలువు ఊడాలి కృష్ణారావు గారూ," అని, ఎదుటివాడి మొహం పాలిపోయేదాకా ఆగి, అప్పుడు నవ్వాడు. "కానీ ఆ మేషానికి అధిపతి కుజుడు మకరంలో ఉచ్చపట్టి, కేంద్రంలో కూచున్నాడండీ. శని నీచత్వం రద్దు. నీచభంగ రాజయోగం! మెడనిండా దండలు, ముందు మేళం, పెద్దమనుషులు దారి చూపిస్తూ నడవడం, ఊరు ఊరంతా చేతులెత్తి మొక్కడం. రాసిపెట్టుకోండి. అయితే ఒకటి. నీచం పూర్తయితేగానీ భంగం కాదు. మధ్యలో మీరు చెయ్యి అడ్డం పెట్టకూడదు."

ఎంతో చదువుకున్న మనిషికి ఆ చివరి ముక్క ఒక్కటే బుర్రకెక్కింది.

అందుకే మెమో మీద ఆయన చెయ్యి పెట్టలేదు. భార్య ఛాయాదేవి మొదటి వారం బతిమాలింది, రెండో వారం అన్నం ముందు పెట్టి మాట్లాడటం మానేసింది. పదో రోజున ఉండబట్టలేక తనే తెల్లకాయితం, పెన్ను తెచ్చి కంచం పక్కన పెట్టింది.

"మీ రాజయోగం వచ్చినప్పుడు వస్తుంది. ఈలోగా ఉన్న ఉద్యోగం ఉంచుకుంటే శనికేం నొప్పండీ?"

"పిచ్చిదానా, గోతిలో సగం దూరం దిగి ఆగిపోతే రాజును ఎలా అవుతాను?"

ఛాయాదేవికి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ దిగమింగి ఊరికి కార్డు రాసింది. కృష్ణారావు మాట వినే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే, పెద్దమ్మ రావమ్మ. ఆయన్ను ఎత్తుకు పెంచిన మనిషి. కార్డు నింపాదిగా వెళ్లింది.

పదిహేనో రోజు సాయంత్రం నాలుగున్నరకు ఆమోసు మిషన్లో కాయితం ఎక్కించి, ఆఖరిసారి ఆయనవైపు చూశాడు. కృష్ణారావు కళ్లు మూసుకుని శనిని ధ్యానిస్తున్నాడు. ఐదు కొట్టింది. ఆమోసు కాయితం లాగేశాడు.

పదహారో రోజు పదకొండింటికి సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. కృష్ణారావు నిలబడి, రెండు చేతులా అందుకుని, "పూర్తయింది!" అన్నాడు. పక్షం రోజులుగా ఊరేగింపు సంగతీ దండల సంగతీ విని విని ఉన్న గుమాస్తాలు ఊరుకుంటారా? ప్యూను చేత ఇంత లావు బంతిపూల దండ తెప్పించి మెళ్లో వేసి, చప్పట్లు కొట్టి రిక్షా ఎక్కించారు. ఆమోసు ఒక్కడే తల వంచుకుని టైపు కొట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ మనిషికి అసూయ అనుకున్నాడు కృష్ణారావు. దండ తీయలేదు. బీసెంట్ రోడ్డు పొడుగునా జనం చూస్తుంటే నిండుగా నవ్వుతూ ఇంటికొచ్చాడు.

ఇంట్లో రావమ్మ చాపమీద కూర్చుని ఉంది. పొద్దుటి బస్సులో దిగింది. ఛాయాదేవి చెప్పాల్సిందంతా చెప్పి, పంచాంగం ఆవిడ ముందు పెట్టింది. రావమ్మకు చదువు లేదు గానీ, ఏ నెలలో ఏం జరిగిందో చెప్పడానికి ఆవిడకు చదువు అక్కర్లేదు.

"ఒరే కిష్టా, ఇది నీదని ఎవరు చెప్పార్రా? శ్రావణమాసం చీకటిరోజుల్లో, తెల్లారగట్ట... అది మన చుక్కగేదె ఈనిన రోజు కాదూ! మళ్లా ఎప్పుడు ఈనుద్దో చూసుకోటానికి మీ నాన్న గేదెలవే రాసేవాడు. నీది రాసుకుని ఏం చేసుకోవాలి? నువ్వు ఆ తర్వాత పది రోజులకి, మిట్టమజ్జాన్నం పుట్టావు. ఆ పూట మీ నాన్న ఇంట్లోనే లేడు, నాట్లకాడున్నాడు."

కృష్ణారావు గోడకు ఆనుకున్నాడు. పంచాంగం అందుకుని పెన్సిలు రాత మీద వేలుపెట్టి, "మగ అని ఉందిగదా పెద్దమ్మా," అన్నాడు.

"మరి దున్నపోతుదూడే! ఏం జాతకమో గానీ మహారాజురా అది. ఈనిన్నాడే మీ నాన్న అమ్మోరికి మొక్కి వదిలేశాడు. జన్మలో మెడ మీద కాడి పెట్టలా. ఎవరి చేలో పడి మేసినా ఒక్కడు కర్రెత్తలా. ఇహ జాతరనాడు చూడాలి దాని వైభోగం. పసుపు రాసి, బొట్లు పెట్టి, మెడనిండా బంతిపూల దండలేశారు. ముందు డప్పులు. మునసబు, కరణం దగ్గరుండి నడిపించుకెళ్లారు. వీధి వీధంతా బయటికొచ్చి చేతులెత్తి మొక్కింది."

సిద్ధాంతి చెప్పినదాంట్లో ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఆ మనిషి శాస్త్రం తెలిసినవాడేనని ఒప్పుకోవాల్సిందే.

"తర్వాత?" అన్నాడు కృష్ణారావు.

"తర్వాతేవుందిరా. గుడి ముందుకి తీసుకెళ్లారు."

కృష్ణారావు చెయ్యి తనకు తెలియకుండానే మెడ తడుముకుంది. దండ కింద చెమటపట్టి ఉంది. రావమ్మ మసకబారిన కళ్లు చిట్లించి అప్పటికి గాని ఆ పూలను చూడలేదు. చూసి, కాస్త జరిగి, కోడలివైపు తిరిగి గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, వీడికి డప్పులు కూడా పెట్టారా?"