నాదేముందండీ

“నాదేముందండీ, ఎప్పుడైనా పర్లేదు” అనేసింది ఆమె, సైకాలజిస్టు నోట్లో మాట ఇంకా పూర్తికాకుండానే. వచ్చేవారం నుంచి సోమవారం బదులు మంగళవారం రాగలరా అని ఆవిడ అడిగింది, అంతే. సోమవారం మధ్యాహ్నం ఆమెకు డ్యూటీ లేని పూట. మంగళవారం రావాలంటే తోటి టెక్నీషియన్ని బతిమాలి డ్యూటీ మార్చుకోవాలి, దానికి బదులు ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాలి, ఆదివారం వెళ్తే ఇంటిల్లిపాది బట్టలూ శనివారమే ఉతికి ఆరేయాలి. ఇదంతా మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. మాట జారాక గుర్తొచ్చి ఏం లాభం!

ఆసుపత్రిలో రక్తం తీయడం ఆమె పని. పసిపిల్లల సన్నటి నరం కూడా ఒక్కసారికే దొరకబుచ్చుకునే చెయ్యి అది. అలాంటి చెయ్యి ఈ మధ్య సూది పట్టుకుంటే చాలు, వణకడం మొదలెట్టింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఒంట్లో ఏ జబ్బూ లేదని చెప్పి, సైకాలజిస్టును కలవమన్నాడు. ఇన్‌ఛార్జి ఆమెను సూది దగ్గర్నుంచి తప్పించి, ట్యూబులకు లేబుళ్ళు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ బల్ల దగ్గర్నుంచి లేచి మళ్ళీ సూది పట్టుకోవాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఇంట్లో ఆమె పేరు వెన్నముద్ద. అత్తగారిచ్చిన బిరుదు. మా కోడలికి కోపమంటే ఏంటో తెలీదని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి మురిసిపోతుంది. తెలీకేం? పెళ్ళైన కొత్తలో ఓరోజు డ్యూటీ నుంచి వచ్చి, నిలబడే ఓపిక లేక, ఈ పూట వంట మీరే చూసుకోండని విసుక్కుంది. అంతే, మొగుడు మాటలు మానేశాడు. మనిషి ఎదురుగా ఉన్నా లేనట్టే తిరిగాడు. అత్తగారు కంచం ముందు నుంచి లేచిపోయింది. చివరికి ఏ తప్పూ చేయని ఆమే తప్పైపోయిందని కాళ్ళబేరానికొస్తే గానీ ఆ ఇంట్లో మళ్ళీ మాట పుట్టలేదు. అప్పట్నుంచి కోపమొస్తే గుటుక్కున మింగేసి, నాదేముందిలెండి అనడం అలవాటు చేసుకుంది. ఆ మాటతో ఇల్లంతా చల్లగా ఉంటుంది మరి. లోపల కుతకుతలాడేది ఆమె ఒక్కతే.

మంగళవారం వెళ్ళి, కుర్చీలో కూర్చుని, ఎప్పట్లాగే నవ్వింది. సైకాలజిస్టు నవ్వలేదు. ఆవిడ పద్ధతే వేరు. ఇంట్లో ఎవరేమన్నారో అంతా వింటుంది గానీ, నాలుగు సలహాలు చెప్పి పంపించదు. బయట మనుషులతో ఎలా ఉంటారో నాతోనూ అలాగే ఉంటారు, కాబట్టి ముందు మనిద్దరి మధ్య జరిగేది చూద్దాం అంటుంది. ఇదేం వైద్యమో, రెండు కుర్చీల మధ్య ఏం జరుగుతుందో ఈమెకు అర్థమయ్యేది కాదు.

“పోయినవారం రోజు మార్చమంటే వెంటనే ఒప్పుకున్నారు. మీకేం ఇబ్బందో నేను అడగలేదు, మీరూ చెప్పలేదు. ఇది మీకు బాగా తెలిసిన వ్యవహారంలా లేదూ?” అంది సైకాలజిస్టు.

అబ్బే అదేం లేదండీ అని నాలిక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఒళ్ళో చెయ్యి వణికింది. దాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకోబోతే, వద్దు, వణకనివ్వండి అంది ఆవిడ.

“నేను కాదననని తెలిసే కదా అడిగారు? మీ దగ్గరకొచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరా? అందరికీ లోకువ నేనేనా?” అంది ఆమె. ఇంక ఆగలేదు. ఆదివారం డ్యూటీ, శనివారం బట్టలు, తోటి టెక్నీషియన్ మొహం చిట్లించడం, అన్నీ ఏకరువు పెట్టేసింది. అయిపోయింది, ఈవిడ మొహం తిప్పేసుకుంటుంది, ఇంక రావద్దంటుంది అనుకుంది. కాళ్ళబేరం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలా అని వెతుక్కుంటోంది.

“నిజమే. మీరైతే కాదనరని లోపల తెలుసు కాబట్టే ముందు మిమ్మల్ని అడిగాను. తప్పు నాది” అంది సైకాలజిస్టు. “సోమవారం ఇప్పుడు నా చేతిలో లేదు, ఇంకొకరికి ఇచ్చేశాను. మీ కోపం ఇప్పటికిప్పుడు తీరక్కర్లేదు. కోపంగానే కూర్చోండి, నేనెక్కడికీ పోను.”

కూర్చుంది. ఆవిడ బతిమాలలేదు, అలగలేదు. లేచేముందు ఖాళీలేమున్నాయో ఆమె తనే అడిగింది. ఆవిడ చెప్పినవాటిలో రెండు తనకు కుదరవని కాదని, వీలైన గురువారం సాయంత్రం పట్టింది.

ఇంటికొచ్చేసరికి ఆయన టీవీ ముందున్నాడు. మొహం చూసి ఏమైందన్నాడు. ఆవిడతో గొడవైందని చెప్పింది. ఈ రాకపోకలు మొదట్నుంచీ గిట్టని మనిషేమో, ఆయన మొహం వెలిగిపోయింది.

“మంచిదే అయింది, మానెయ్. గొడవయ్యాక ఇంకెలా వెళ్తావు?”

వెన్నముద్దకే కోపం తెప్పించిందంటే ఆవిడెంత గయ్యాళో అని వంటింట్లోంచి అత్తగారు వంత పాడింది.

“గొడవయ్యాక కూడా వెళ్ళొచ్చని ఇవాళే తెలిసింది. గురువారం వెళ్తున్నాను” అంది ఆమె. టీవీ కట్టేసింది. కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

“అత్తయ్యగారూ, స్టవ్ ఆపి మీరూ రండి. మీ ఇద్దరితోనూ నాకు గొడవుంది.”