ఒక చుట్టు తక్కువైన స్ప్రింగు

నేను ఒక స్ప్రింగును. చూపుడువేలంత ఉంటాను. కారు ఇంజనులో, ఆయిలు పంపు పక్కన, ఒక బోల్టు వెనకాల నా నివాసం. ఆయిలు ప్రెషరు హద్దు మీరినప్పుడు వెనక్కి తగ్గి, ఎక్కువైన ఆయిలుకు దారివ్వడం నా ఉద్యోగం. వెనక్కి తగ్గడం పెద్దమనిషి లక్షణమని మనుషులు అంటుంటారు. వాళ్ళలో ఎవరూ ఆ పని చేయగా నేను పెద్దగా చూడలేదు.

ఒక కర్మాగారంలో ఉక్కు తీగను చుట్టి నన్ను తయారుచేశారు. నా మొదటి యజమాని అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. ఆయన కారును రిక్షాలు దాటిపోయేవి. అందుచేత ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ నాకు జీతం లేని సెలవు. ఆయన పోయాక కారు గాజువాక ఆటోనగర్లో సన్యాసిరావు షెడ్డుకు చేరింది.

సన్యాసిరావు చెయ్యి తిరిగిన మెకానిక్కు. కూతురు నూకరత్నం డిప్లొమా చదివి తండ్రి పక్కనే పనిలోకి దిగింది. ఆ కారు ఇంజనును విప్పి, వేగానికి తగ్గట్టు మళ్ళీ కట్టి, ఘాట్ రోడ్డు మీద జరిగే కొండ పందెంలో తనే నడపాలని ఆమె పట్టుబట్టింది. తల్లి లేని పిల్ల. ఆమె అడిగినదేదీ కాదనడం సన్యాసిరావుకు అలవాటు లేదు. ఇదీ కాదనలేదు.

నెలల తరబడి రత్నం ఆ ఇంజనుతోనే బతికింది. పిస్టన్లు మార్చింది, బేరింగులు కొత్తవి వేసింది, ప్రతి బోల్టూ తన చేత్తోనే బిగించింది. అరుగుదల లేదు కాబట్టి నన్ను పెట్రోలులో కడిగి మళ్ళీ నా చోటులోనే పెట్టింది. స్టార్టు చేసి వేగం పెంచగానే ఆయిలు ప్రెషరు మీటరు ముల్లు లేచి, ఆగవలసిన చోట ఆగింది.

"నాన్నా, చూసేవా!"

"బాగుందమ్మా," అన్నాడు సన్యాసిరావు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

మర్నాడు కూతురు రాకముందే ఆయన నన్ను బయటికి తీశాడు. కోత చక్రం మీద నాలో ఒక చుట్టు కోసేసి, కోసిన కొస కనబడకుండా లోపలికి తిప్పి పెట్టి, బోల్టు బిగించి, చేతులు కడుక్కుని దేవుడి పటానికి దండం పెట్టుకున్నాడు. దేనికోసమో నాకు తెలియలేదు. బహుశా దేవుడికీ తెలిసి ఉండదు.

పొట్టిదాన్నయ్యాక నాకు బలం తగ్గింది. ప్రెషరు లేవకముందే వెనక్కి తగ్గేదాన్ని. ముల్లు సగం దూరంలోనే కూలబడేది. రత్నం ఆయిలు మార్చింది, మీటరు మార్చింది. నా వెనక ఒక వాషరు వేస్తే ముల్లు కాస్త లేచింది. ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు తండ్రి ఆ వాషరును పలచగా అరగదీసి పెట్టాడు. ఆమె ఇంకోటి వేసింది, ఆయన దాన్నీ అరగదీశాడు. ఇద్దరూ మంచి పనివాళ్ళు కావడంతో ఇది చాలా శుభ్రంగా సాగింది.

"బేరింగుల్లోనే తేడా ఉందేమో నాన్నా. మొత్తం విప్పేస్తాను," అంది చివరికి.

"విప్పితే పందెం అందదు కదమ్మా," అన్నాడాయన. గొంతులో విచారం పెట్టబోయాడు, కుదరలేదు.

విప్పేముందు ఆఖరిసారిగా రత్నం ఒక కొత్త స్ప్రింగు తెప్పించి నా పక్కన నిలబెట్టింది. తేడా కనబడింది. కోసిన చోటు తళతళలాడుతోంది. ఆమె నన్ను అరచేతిలో పెట్టుకుని తండ్రి ముందుకు వెళ్ళింది.

"ఏటి నాన్నా ఇది?"

ఆయన స్పానరు కింద పెట్టాడు. "నేనే కోసేనమ్మా."

"ఎందుకు?"

"ఈ షెడ్డుకి నుజ్జయిపోయిన బళ్ళు వస్తాయి కదా. వచ్చిన ప్రతిదాన్లోనూ సీట్లో నిన్నే కూకోబెట్టి చూస్తన్నాను. ఒద్దని చెప్పడానికి నోరు రాలేదు."

రత్నం నన్ను బల్ల మీద పెట్టింది.

"నాకు చేతకాలేదేమోనని నిద్దర లేదు నాన్నా. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఈ ప్రెషరుతోనే బయల్దేరిపోయుంటే? ఆయిలు అందక మలుపులో ఇంజను పట్టేస్తే?"

ఆ సంగతి సన్యాసిరావు అప్పటిదాకా ఆలోచించలేదు. ముప్పావు జీవితం ఇంజన్ల మధ్య గడిపిన మనిషి!

"ఒద్దంటే ఒద్దని చెప్పు. ఏడుస్తాను, కొట్లాడతాను. ఇలా మాత్రం చెయ్యకు," అంది రత్నం.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఒద్దనను," అన్నాడు. కొత్త స్ప్రింగును తనే బిగించాడు. ముల్లు సరైన చోట ఆగింది. నన్ను జేబులో వేసుకున్నాడు.

పందెం రోజున నేను ఆయన గుప్పిట్లో ఉన్నాను. కారు మొదటి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. చప్పుడు మాత్రం కొండల్లోంచి వస్తూ పోతూ ఉంది. ఇంజను కూడా నన్నెప్పుడూ అంతగా నొక్కలేదు. నాకు తగ్గడానికి చోటు లేకపోయింది, ఆయనకు తగ్గే ఉద్దేశం లేదు.

రత్నం తిరిగి వచ్చి హెల్మెట్టు తీసింది. బహుమతి వేరే ఎవరికో వెళ్ళింది. సన్యాసిరావు అది అడగలేదు.

"ప్రెషరు?"

"నిలబడింది నాన్నా." అని, ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పింది. నా కోసిన అంచు ఆయన అరచేతిలో దిగబడి ఉంది. రక్తం మణికట్టు దాకా కారింది.

"నొప్పెట్టలేదా?"

"ఇప్పుడు పెడతంది," అన్నాడు సన్యాసిరావు.