పిన్ని కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరు

పిన్ని బట్టలు కత్తిరించే బల్లకి ఆ పక్కన కూర్చుంటే ఆఫీసరు, ఈ పక్కన కూర్చుంటే ఉద్యోగానికి వచ్చిన పిల్ల. ఆఫీసరైనవాళ్ళు పిన్ని పాత కళ్ళజోడు పెట్టుకోవాలి, చచ్చినా నవ్వకూడదు. అక్కచెల్లెళ్ళిద్దరూ పెట్టుకున్న పద్ధతి అది. చిన్నది పిన్ని కన్నకూతురు, పెద్దది పిన్ని అక్క కూతురు. రక్తపరీక్షల చదువు ఇద్దరూ ఒకేసారి పూర్తిచేశారు. ఆసుపత్రిలో ఖాళీ మాత్రం ఒక్కటే ఉంది.

"మీరు చేసిన తప్పొకటి చెప్పండి," అంది పెద్దది, గొంతు బొంగురు చేసుకుని.

చిన్నది మొదలుపెట్టింది. శిక్షణలో ఉండగా ఒక తాతగారి దగ్గర తీసిన రక్తం సీసా చేయిజారి పగిలిందట. ఎవరూ చూడలేదట. గుండె చిక్కబట్టుకుని వెళ్ళి ఉన్నమాట చెబితే, ఆ తాతగారు రెండో చెయ్యి చాపి, "దీన్నింకా ఎవరూ పొడవలేదులే తల్లీ, కానివ్వు" అన్నారట.

కుట్టుమిషను టక్కున ఆగింది. "నీ కథ పాడుగాను, సూదిలో దారం కనపడట్లేదే!" అని పిన్ని కళ్ళు తుడుచుకుంది.

పెద్దదానికి ఒళ్ళు మండిపోయింది. మార్కులు ఎప్పుడూ తనకే ఎక్కువ. ఒక్క పోటుకే నరం పట్టుకునేదీ తనే. అయినా చిన్నది నోరు తెరిస్తే చాలు, లోకమంతా అటే ఒరిగిపోతుంది. తన వంతు వచ్చినప్పుడు, "నాకు తప్పులు చేసే అలవాటు లేదండీ" అంటే తల్లీకూతుళ్ళు పడీపడీ నవ్వారు.

"అలా అన్నావంటే దణ్ణం పెట్టి పంపేస్తారక్కా!"

పదిహేను రోజులు ఆ సీసా ఆ బల్ల మీద రోజూ పగులుతూనే ఉంది. ఎంత మండినా, దానికి మెరుగులు దిద్దింది పెద్దదే. "ఇక్కడ కాస్త ఆగు. తాతగారి మాట మెల్లగా చెప్పు." చిన్నది తడబడ్డప్పుడల్లా సుద్దముక్కతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి, "తర్వాత?" అనేది.

అసలు రోజున పెద్దదాన్నే ముందు పిలిచారు. డాక్టరమ్మ కాగితాలు చూసి, మార్కులు మెచ్చుకుని, చివరికి అడగనే అడిగింది.

"నువ్వు చేసిన తప్పొకటి చెప్పమ్మా."

నోరు తెరవగానే సీసా జారింది. పెద్దది ఆగాల్సిన చోట ఆగింది, తాతగారి మాట మెల్లగా చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టి హాయిగా నవ్వింది. ఆ నవ్వు తనకోసం! ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఏమడిగారక్కా?" అని బయట చిన్నది చెయ్యి పట్టుకుంది.

"మామూలువే. వెళ్ళు."

తలుపు సగమే పడింది. బెంచీ మీద కూర్చున్న పెద్దదానికి లోపలి మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"ఆ సీసా ఇందాకే ఒకసారి పగిలిందమ్మా," అంటోంది డాక్టరమ్మ. గొంతులో నవ్వు లేదు. "ఇద్దరూ కలిసి బట్టీ పట్టారా?"

పెద్దదానికి కడుపులో చల్లగా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా చల్లగా అనిపించింది. అప్పుడే చిన్నది తలుపు వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఇంట్లో తడబడ్డప్పుడు ఎలా చూసేదో అలాగే, అక్క "తర్వాత?" అంటుందేమోనని చూసింది.

పెద్దది లేచి, పిలవకుండానే లోపలికి వెళ్ళింది.

"ఆ సీసా దానిదండీ. తాతగారు కూడా దాని తాతగారే. నేను ఎత్తుకొచ్చి చెప్పాను."

"మరి నీ తప్పేది?"

"ఇదేనండీ. చేసి పావుగంటయింది."

ఉద్యోగం చిన్నదానికే వచ్చింది. వారం తిరక్కుండా ఇంకో ఆసుపత్రిలో ఖాళీ ఉందని తెలిసి, చిన్నది కళ్ళజోడు తగిలించుకుని బల్లకి ఆ పక్కన ఠీవిగా కూర్చుంది.

"తప్పొకటి చెప్పండి. ఇప్పుడు సొంతది ఉందిగా అక్కా!"

"ఉందిలే. ఆ కళ్ళజోడు మాత్రం నీకేం బాగాలేదు," అంది పెద్దది.

నిజానికి బాగుంది. అదే మంట.