సుద్ద గీతలు

దర్జీ భార్య ప్రాణం తీసింది ఆమె సొంత తమ్ముడే. దర్జీ దృష్టిలో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

చివరి రోజు కూడా ఆమె మిషను పక్కన స్టూలు మీద కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టింది. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం నిండుకుండ. లివరు గట్టిపడిపోయింది.

"తాగని నోటికి తాగుబోతు రోగం. నీ మీదికి తోసేద్దామంటే నువ్వూ తాగినోడివి కాకపోతివి" అని నవ్వేది.

ఏడాది కిందట, పొట్టలో నీరు తగ్గడానికి డాక్టరమ్మ రోజుకో బిళ్ల రాసింది. దర్జీ చేతిలో టేపు ఊరుకుంటుందా? పొద్దున్నే పొట్ట కొలిచి, మందుల షాపులో పనిచేసే బావమరిదికి ఫోనులో చెప్పేవాడు.

"ఇంకా తగ్గాలి బావా. మరోటి వెయ్యి."

వేశాడు. టేపు దిగుతూ వచ్చింది. మురిసిపోయి ఆమె జాకెట్లకు పక్క కుట్లు బిగించాడు. నోరు పిడచకట్టుకుపోతోందని, ఒంటేలు రావడం లేదని ఆమె మొత్తుకున్నా టేపు మాటే నెగ్గింది. ఓ రోజు ఆమె కుట్టే చొక్కా మీదే ఒరిగిపోయింది.

"నీటితో పాటు కిడ్నీలూ ఎండగట్టారు" అంది డాక్టరమ్మ. మందులు ఎక్కించి నిలబెట్టింది. "గట్టెక్కింది. కానీ దెబ్బతిన్న కిడ్నీలు, ఈ లివరుతో ఎక్కువ కాలం లాగవు."

విప్పిన కుట్టుకు సూది రంధ్రాలు మిగులుతాయి. దర్జీకి అర్థమైంది. బావమరిదికి కాలేదు. "రిపోర్టు బాగానే వచ్చింది కదా బావా!" అని స్వీట్లు పంచాడు.

నీరు మళ్లీ చేరింది. ఈసారి బిళ్లలు వేస్తే కిడ్నీలు ఓర్చుకోవన్నారు. సూది గుచ్చి తీయించుకు రావడమే. తీసిన నీరు తీసినంత వేగంగా ఊరేది.

ఆ మధ్యాహ్నం ఆమె సూది ఆపింది.

"ఏమయ్యా, ఈ జాకెట్టు కుట్లు విప్పు. ఊపిరాడట్లేదు."

విప్పాడు. అలవాటుగా చెయ్యి టేపు మీదికి పోయింది.

"వద్దులే. కొలిచింది చాలు" అని ఆమె గోడకు ఆనుకుంది.

అతను ఓ కాలరు కుట్టి తల తిప్పేసరికి ఆమె లేదు. ఒళ్లో చొక్కా, వేళ్ల మధ్య సగం కాజా.

సాయంత్రం తమ్ముడొచ్చి గుండెలు బాదుకున్నాడు. "మనం మంచికే చేశాం కదా బావా!"

'మనం' అన్నప్పుడు దర్జీ తలెత్తాడు.

"ఇంకోసారి ఆ ఊసెత్తితే నా గడప తొక్కకు."

తనూ ఎత్తలేదు. ఇక ఎత్తడు. కొలతలకు కొత్త టేపు కొనుక్కున్నాడు. పాతది మేకుకే వేలాడుతోంది, పొట్ట తగ్గిన చోటల్లా సంబరంగా పెట్టిన సుద్ద గీతలతో.