మక్క మొదళ్లు

తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజుల్లో గడ్డి లారీలు రాక హయత్‌నగర్ పాడివాళ్లంతా తలలు పట్టుకున్నారు. మట్టయ్య మాత్రం కంకులు కోసేసిన మక్కచేను ఒకటి మేతకు మాట్లాడుకుని తన రెండు బర్రెలనూ అందులోకి తోలాడు. అంతటి తెలివి ఇంకెవరికీ లేదని ఆయన నమ్మకం.

పక్క కొట్టం శేషారత్నానిది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లకు పాలు పోసి బతుకుతోంది. ఆమె గట్టు మీద నిలబడి చెప్పింది.

“అన్నయ్యా, వానల్లేక గిడసబారిన మొక్కజొన్న చేను ఇది. పైరు వాడుకోని యూరియా కాడల మొదట్లో విషంలా నిలిచిపోతుంది. ముందు ఎండుగడ్డితో గేదెల కడుపు నింపి తోలండి. ఆకులు అయిపోగానే తెచ్చేయండి, మొదళ్ల దాకా తిననివ్వకండి.”

“మా చేన్లు మాకు తెల్వయా? గా ముచ్చట్లు మీ దిక్కు జెప్పుకో” అన్నాడు మట్టయ్య.

నిజానికి కొట్టంలో ఎండుగడ్డి ఉంది. పెడితే ఆమె మాట విన్నట్టవుతుందని ముట్టుకోలేదు. ఆకులు అయిపోయినా బర్రెలను తోలుకురాలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా!

ఒక మధ్యాహ్నం పెద్దబర్రె ఎగశ్వాస తీస్తూ చేన్లోనే కూలి చచ్చింది. మట్టయ్య బావురుమన్నాడు. ఏడుస్తూనే ఎల్బీనగర్ చౌరస్తాలోని సమ్మె శిబిరానికి పోయి మైకు అందుకున్నాడు.

“ఆంధ్ర నుంచొచ్చిన శేషారత్నం నా బర్రెకు విషం బెట్టింది!”

అసలే జనం కోపం మీద ఉన్నారు. ఇక ఆమె పాలు ఎవరూ పోయించుకోలేదు. క్యాన్లు నిండుగా తిరిగొచ్చాయి.

మర్నాడు అదే చేన్లో మేస్తున్న రెండో బర్రె కూడా రొప్పసాగింది. మట్టయ్య భార్య తిరుపతమ్మ పశువుల డాక్టర్‌ను పిలిపించింది. ఆయన సూది గుచ్చి తీసిన రక్తం ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది.

“ఎవ్వలు బెట్టిన విషం గాదిది. ఆకలి మీద మక్క మొదళ్లు మేపినవ్, గంతే” అంటూ ఆయన నీలిరంగు మందు ఎక్కించాడు. బర్రె మెల్లగా తేరుకుంది.

“మంచి జెప్పినామెను దొంగను జేస్తివి గదయ్యా” అంది తిరుపతమ్మ.

మట్టయ్యకు సిగ్గుతో చచ్చినంత పనైంది. వాకిట్లో ఎవరూ లేకుండా చూసుకుని శేషారత్నం ఇంటికి పోయాడు. ఆమె మిగిలిపోయిన పాలు తోడుపెడుతోంది.

“తప్పైంది చెల్లె” అన్నాడు, వినీ వినబడనట్టు.

“నన్ను అన్నది చౌరస్తాలో, మైకులో. తప్పైందనేది నా వంటింట్లోనా అన్నయ్యా?”

మట్టయ్య తల దించుకుని తిన్నగా శిబిరానికి నడిచాడు. ఆయన్ను చూడగానే అందరూ చప్పట్లు కొట్టి మైకు చేతికిచ్చారు. మట్టయ్య మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“నా బర్రెను ఎవ్వలు సంపలే. ఆమె జెప్తే ఇనక నేనే సంపుకున్న.”

చప్పట్లు ఆగిపోయాయి.

“మన ఇజ్జత్ పోతది, మైకు ఇటియ్యి” అని ఎవరో చెయ్యి చాపారు.

మట్టయ్య ఇవ్వలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి శేషారత్నం అని పేరు పెట్టి.